బూట్లతో పాటు బ్రష్ కూడా



విద్యార్థులకు మనం చేసే సాయం గురించి మాట్లాడమని కార్యదర్శి గారు చెప్పారు. ఫీజుల గురించి, పుస్తకాల గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను బూట్ల గురించి మాట్లాడతాను. ముందు వరుసలో ఒకరిద్దరు నవ్వుతున్నారు, నవ్వండి. పొద్దున ప్రార్థన వేళ పిల్లల వరుసల మధ్య తిరిగే ఉద్యోగం నాది. పాట పాడే పిల్లల మొహాలు అందరూ చూస్తారు, టీచర్ల కళ్లు మాత్రం కాళ్ల మీదికి పోతాయి. ఏ ఇంట్లో ఈ నెల చేయి ఆడడం లేదో పిల్లవాడు నోటితో చెప్పడు. కాళ్లు చెబుతాయి.

జూన్ 12న బడి తెరుస్తారు. మనం పంచిన నల్ల బూట్లు ఆ వారమంతా మెరుస్తుంటాయి. జూలై ముసురుకు తడుస్తాయి. తడిసినవాటిని పొయ్యి పక్కన ఆరబెడతారు. బతుకమ్మ సెలవులు వచ్చేసరికి వేళ్లు వంగే చోట పైపొర పగిలి పెచ్చులు లేస్తుంది, మడమ అణిగిపోతుంది, సోలు నోరు తెరుస్తుంది. సెలవుల తర్వాత ఆ పిల్లవాడు హవాయి చెప్పులతో వస్తాడు. మనం ఇచ్చినవి చెడ్డవని నేను అనడం లేదు, ఆ ధరకు అవే వస్తాయి. కానీ అది తోలు కాదు. గుడ్డ మీద పూసిన ప్లాస్టిక్ పొర, మనం రెక్సిన్ అని పిలిచే జాతి. దాని మీద డబ్బాడు పాలిష్ రుద్దినా లోపలికి పోదు, పగిలిన చోట అతకదు. దానికి మనం చేయగల సేవ తడిగుడ్డతో తుడవడం వరకే.

తోలు సంగతి వేరు. తోలుకు నూనె ఇస్తే తాగుతుంది, ఎండ పెడితే బిర్రబిగుస్తుంది, నీళ్లలో నానబెట్టి వదిలేస్తే కుళ్లుతుంది. ఈ సంగతి మన ఊళ్లకు కొత్త కాదు. మీలో 50 దాటిన రైతుబిడ్డలకు మోట గుర్తుండాలి. బావిలో నుంచి నీళ్లు తోడే ఆ బొక్కెన కింద తోలు తొండం ఉండేది. రోజంతా నీళ్లలో నానుతూ కూడా ఏళ్లకేళ్లు పనిచేసేది. ఎట్లా? కాపు వదిలిపెట్టకుండా దానికి ఆముదం పట్టించేవాడు. కిర్రు చెప్పులకూ అంతే, కొత్త జతకు రాత్రి ఆముదం రాసి, తెల్లారి తుడిచి వేసుకునేవాళ్లు.

ఆ తోలును తయారుచేసిందీ మన మొక్కలే. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వును ఇప్పుడు రాష్ట్ర పుష్పమని అందరూ గౌరవిస్తున్నారు. ఆ చెట్టు బెరడుతో తోలు పదును చేస్తారన్నది మా బడి పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఆదిలాబాద్ అడవుల్లో దొరికే కరక్కాయ కూడా ఆ పనికే వాడతారు. బెరడులో, కాయలో ఉండే వగరు తోలు పోగుల్ని పట్టుకుని కుళ్లకుండా కాపాడుతుంది. పచ్చి కరక్కాయ కొరికితే నాలుక మొద్దుబారినట్టు అవుతుంది చూడండి, తోలు మీద జరిగేదీ అలాంటిదే. ఊరి చివర లందలో వారాల తరబడి తోళ్లు నానబెట్టి, ఆ వాసన భరించి, ఊరందరికీ చెప్పులు, బావులకు తొండాలు కుట్టిచ్చిన మాదిగ కుటుంబాలను ఊరు మాత్రం దగ్గరికి రానివ్వలేదు. తోలు గురించి మాట్లాడుతూ ఈ మాట దాటవేయడం న్యాయం కాదు.

ఇప్పుడు నిరుటి సంగతి ఒకటి. దాతల ఇళ్ల నుంచి మనం పాత బట్టలు, వస్తువులు సేకరించాం గదా. ఒక సంచిలో ఒక జత బూట్లు వచ్చాయి. ముదురు నేరేడుపండు రంగు, మంచి బరువు. మీదంతా తెల్లగా పొడిపొడిగా బూజు పట్టినట్టుంది. కుర్రాళ్లు దాన్ని పారేసే కుప్పలో వేశారు. సోలు చుట్టూ కుట్టు కనిపించి నేను తీసి చూశాను. లోపల ఇంగ్లిష్‌లో 'షెల్ కార్డోవన్' అని చిన్నగా అచ్చు ఉంది. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బూటును అటూ ఇటూ వంచి చూసి, "సార్, ఇది ఆవుతోలు గాదు, బర్రెతోలు గాదు. ముడతలు సూడు, అలల లెక్క లేస్తున్నయి, సన్న గీతలు పడ్తలేవు" అన్నాడు. ఇంగ్లిష్ అక్షరం చదవకుండానే ఆయన పట్టుకున్నాడు.

అది గుర్రం తోలు. తోలు అని కూడా సరిగ్గా అనలేం. గుర్రం పిరుదుల దగ్గర చర్మం లోపల చిక్కటి పోగుల పొర ఒకటి ఉంటుంది, ఒక్కో గుర్రానికి రెండు ముక్కలు, అంతే. ఆ పొరనే షెల్ అంటారు. దాన్ని చెట్ల బెరడు రసాల్లోనే పదును చేసి, వేడి కొవ్వులు పట్టించి, గాజులా మెరిసేదాకా రుద్దుతారు. అమెరికాలోని చికాగోలో 1905 నుంచి నడుస్తున్న హార్వీన్ అనే తోళ్ల కర్మాగారం దీనికి పేరుమోసింది. అక్కడ ఒక షెల్ తయారీకి కనీసం 6 నెలలు పడుతుంది. మామూలు బూట్ల తోలును క్రోమియం లవణాలతో రోజుల్లోనే పదును చేసేస్తారు. ఆ బూట్ల ధర ఎందుకంత ఎక్కువో దీన్నిబట్టి ఊహించుకోండి.

కార్డోవన్ అన్న పేరు ఎక్కడిదో ఈ సభకు చెప్పాలని నాకు ప్రత్యేకంగా ఉంది. అది మన ఖుర్తుబా. ఉర్దూ చదువుకున్న వాళ్లకు ఇక్బాల్ కవిత వల్ల ఆ ఊరి మస్జిదు తెలుసు. 10వ శతాబ్దంలో స్పెయిన్‌లో ముస్లిం ఖలీఫాల రాజధాని అది. ఆ ఊరి తోలుకు యూరప్ అంతా ఎంత పేరంటే, ఇంగ్లిష్ పాతమాటల్లో కొత్త బూట్లు కుట్టేవాడికి 'కార్డ్‌వేనర్' అనే పేరు స్థిరపడింది. ఫ్రెంచ్ వాళ్లు ఇప్పటికీ బూట్లు కుట్టేవాణ్ని 'కోర్దొన్నియే' అంటారు, ఆ మాట కూడా ఆ ఊరి పేరు నుంచి వచ్చిందే. ఆనాటి ఖుర్తుబా తోలు ఎక్కువగా మేకతోలు. గుర్రం షెల్‌కు ఆ పేరు తర్వాతి కాలంలో అంటుకుంది. ఖిలాఫత్ పోయింది, పేరు మాత్రం చెప్పులవాళ్ల నోట మిగిలింది.

గుర్రం తోలు తొడుక్కోవచ్చా అని ఒక పెద్దాయన నన్ను అప్పుడే అడిగారు. నేను లెక్కల టీచర్ని, ఆ ప్రశ్న ఉలమాను అడగాలి. బూట్లు కొనేటప్పుడు మనవాళ్లు చూసుకోవలసిన ఇంకో సంగతి మాత్రం చెప్పగలను. విదేశీ బూట్లలో, చవకవాటిలో కూడా, లోపలి అస్తరుకు పందితోలు వాడుతుంటారు. దాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. రోమకూపాల చుక్కలు మూడేసి, మూడేసి గుంపులుగా, చిన్న త్రికోణాల్లా కనిపిస్తాయి. ఆవు, మేక తోళ్లలో అట్లా ఉండదు. దుకాణంలో నాలుక భాగం ఎత్తి వెలుతురులో చూడండి.

ఇక ఆ జత దగ్గరికి వద్దాం. మీద ఉన్న తెలుపు బూజు కాదు. షెల్‌లో కొవ్వు ఎక్కువ, నెలల తరబడి కదలకుండా ఉంటే అది పైకి ఊరి తెల్లగా పేరుకుంటుంది. తేడా తెలియాలంటే జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో గోరువెచ్చని గాలి కొద్దిసేపు తగిలించండి. కొవ్వయితే కరిగి తోలులోకి తిరిగిపోతుంది. బూజయితే అట్లాగే ఉంటుంది, మట్టివాసన కూడా వేస్తుంది. పెద్దాయన లేసులు తీసి, గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో ఒక్కో బూటునూ 5 నిమిషాలు ఊపిరి సలపకుండా రుద్దాడు. సగం మెరుపు దానితోనే వచ్చింది, ఇంకా ఏ డబ్బా మూతా తీయలేదు. తర్వాత బాగా పిండిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ బ్రష్. ముందు భాగంలో వానచుక్కలు పడ్డచోట చిన్నచిన్న పొక్కులు లేచి ఉన్నాయి, షెల్‌కు నీళ్లు పడితే అదొక జబ్బు. విదేశాల్లో దాన్ని అణచడానికి నున్నటి జింక ఎముక వాడతారట. మేం టీ కొట్టు నుంచి స్టీలు చెంచా తెచ్చాం. చెంచా వీపుతో నెమ్మదిగా, ఒత్తి ఒత్తి రుద్దితే పొక్కులు కూర్చున్నాయి, గీతలు కూడా చాలావరకు మూసుకున్నాయి. చివర రంగులేని మైనం పాలిష్ వేలి కొసకు అంటీ అంటనంత. ఈ తోలుకు పాలిష్ ఎంత తక్కువైతే అంత మంచిది. పదిసార్లు తొడిగాక ఒకసారి చాలు, మిగతా రోజుల్లో బ్రష్, చేతి సత్తువ.

ఆ బూట్లు 8వ నంబరువి. ఆదిలాబాద్ వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ ముగించిన ఒక అబ్బాయికి సరిపోయాయి. లోపల పలచటి అట్ట ఒకటి వేయాల్సివచ్చింది, ఎందుకంటే పాత బూటు అడుగు పాత యజమాని పాదానికి అలవాటు పడి ఉంటుంది. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు అవే తొడుక్కుని పోయాడు. ఆ ఉద్యోగం రాలేదు. రెండోదానికీ వాటినే పాలిష్ చేసుకుని పోయాడు. ఉద్యోగం బూట్లను చూసి ఇవ్వరన్నది నాకు తెలుసు. కానీ పగిలిన బూట్లు వేసుకున్న పిల్లవాడు కుర్చీ కిందికి కాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు, సగం బుద్ధి ఆ కాళ్ల దగ్గరే ఉంటుంది. ఆ సగం బుద్ధి వాడికి తిరిగి ఇవ్వగలిగితే అది చిన్న సాయం కాదని నా లెక్క.

ఇప్పుడు మీ అల్మారాల సంగతి. దుబాయి నుంచి అన్న తెచ్చినవి, చికాగో నుంచి మేనల్లుడు పంపినవి, కొడుకు పెళ్లికి షేర్వానీ మీదికి, వలీమా సూటు మీదికి కొన్నవి, మన ఇళ్లల్లో ఎన్ని జతలు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి పైఅరలో పడి ఉన్నాయో ఒకసారి ఎక్కి చూడండి. ప్లాస్టిక్ సంచి తోలుకు శత్రువు. చెమ్మ లోపలే చిక్కుకుని బూజు పుడుతుంది. పాత దిండు గలీబు చాలు, గాలి ఆడుతుంది. వాడని బూట్లు కూడా 2 నెలలకోసారి తీసి, బ్రష్ చేసి, గదిలో కాసేపు గాలికి ఉంచాలి.

నిజంగా బూజే పట్టిందనుకోండి. ఇంట్లో దులపకండి, బయటికి తీసుకెళ్లి పొడి బ్రష్‌తో తుడవండి. సిర్కాలో అన్నే నీళ్లు కలిపి, గుడ్డ ముంచి పిండి, లోపలా బయటా తుడిచి నీడలో ఆరనివ్వండి. ఆరాక క్రీము పట్టించండి. అల్మారా అరను కూడా ఆ నీళ్లతోనే తుడవాలి, లేకపోతే రెండు వారాల్లో మళ్లీ మొదలు.

మామూలు ఆవుతోలు, దూడతోలు బూట్లకు వారానికి ఒకసారి 10 నిమిషాలు చాలు. లేసులు తీయాలి, అవి ఉండగా చేసే పాలిష్ నాలుక భాగానికి అందదు. ముందు బ్రష్‌తో దుమ్ము పోవాలి. మన దగ్గర ఇది ముఖ్యం. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు, రోడ్ల మీద రాతిపొడి. ఆ పొడి మీదనే పాలిష్ రుద్దడమంటే బూటును గరుకు కాగితంతో తోమడమే. మన గ్రానైట్‌లో లోకమంతా కొనే రకం పేరు 'టాన్ బ్రౌన్', బూట్ల దుకాణంలో కూడా ఆ రెండు మాటలే వినిపిస్తాయి, కానీ ఆ రెండింటినీ కలపకూడదు. ఆదిలాబాద్ వాళ్లకు ఇంకో బాధ, నల్లరేగడి. అది తడిగా ఉన్నప్పుడు తుడిస్తే కుట్లలోకి దిగుతుంది. ఆరనిచ్చి, పుల్లతో పెళ్లలు తీసి, కుట్టు వెంట పాత పళ్ల బ్రష్‌తో దులపండి.

తర్వాత శనగగింజంత క్రీము, పాత బనీను గుడ్డకు అద్ది, చిన్నచిన్న సున్నాలు చుడుతూ పలచగా. 10 నిమిషాలు ఆగాలి. ఆగకుండా రుద్దితే గుడ్డకే పోతుంది. ఆ తర్వాత పెద్ద బ్రష్, ఆ తర్వాత పొడిగుడ్డ. క్రీము తోలుకు తిండి, డబ్బాలో వచ్చే మైనం పాలిష్ తోలుకు గొడుగు. చెర్రీ బ్లాసమ్ డబ్బా మన ఇళ్లన్నిటికీ తెలిసిందే, మంచిదే. కానీ ఏళ్ల తరబడి మైనం మీద మైనం పూస్తూ పోతే పొర మందమై, మడత దగ్గర పగుళ్లు తేలతాయి. రెండు, మూడు నెలలకోసారి పాత మైనం తుడిచి, క్రీముతో మళ్లీ మొదలుపెట్టాలి. ఎన్.సి.సి.లో చేరిన పిల్లలు నీటిచుక్క వేసి అద్దంలా తెప్పించే మెరుపు ముందు మొనకూ, మడమకూ మాత్రమే. వంగే చోట అది నిలవదు.

స్పాంజితో రుద్దే సీసా పాలిష్ వద్దు. అది క్షణంలో మెరుస్తుంది, ఆరాక గట్టి పొరై తోలు గాలి పీల్చకుండా చేస్తుంది. కొబ్బరినూనె సంగతి అడుగుతారని తెలుసు. ఆముదం మోటకు పనికొచ్చింది గదా అంటారు. మోట తొండానికి మెరుపు అక్కర్లేదు, నీళ్లు ఆగితే చాలు. సూటు మీద వేసే బూటుకు వంటనూనె రాస్తే రంగు నల్లబడి, తోలు మెత్తబడి ఆకారం పోతుంది, దుమ్మంతా అతుక్కుంటుంది.

నల్లదానికి ఒక బ్రష్, గోధుమరంగుదానికి ఇంకొకటి. ఈ నియమం ఒక్కటి పాటించని ఇల్లు ఎన్నో చూశాను. ఇంకో మాట, ఇది మగవాళ్లకు. ఈ బ్రష్ మీ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటోంది? భార్య పాలిష్ చేసిపెడితే తొడుక్కుని పోయే మనిషికి తన బూటు ఎక్కడ పగులుతోందో ఎట్లా తెలుస్తుంది? తన చెప్పులు తానే బాగుచేసుకున్న ప్రవక్త (స) గురించి ఈ సభకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

మన అలవాట్ల వల్ల మన బూట్లకు వచ్చే జబ్బులు రెండున్నాయి. ఏ బూట్ల కంపెనీ పుస్తకంలోనూ ఇవి రాసి ఉండవు. మొదటిది వజూ. దుకాణంలో, ఆఫీసులో వజూ చేసి, తడికాళ్లతోనే బూట్లలో కాళ్లు దూర్చి మస్జిదుకు నడుస్తాం. రోజుకు రెండు, మూడుసార్లు. లోపలి అస్తరు ఎప్పుడూ ఆరదు. వాసన, ఆ తర్వాత చీకిపోవడం, ఆ తర్వాత లోపలి అట్ట ముక్కలవడం. జేబులో ఇంకో చేతిరుమాలు పెట్టుకోండి, వేళ్ల సందుల్లో తుడుచుకుని మేజోళ్లు తొడుక్కోండి. రెండోది, విప్పడం, తొడగడం. ఐదు పూటలా లేసులు విప్పి కట్టే ఓపిక ఎవరికి? మడమ తొక్కి దూర్చేస్తాం. మడమ లోపల గట్టి అట్ట ఉంటుంది, ఒకసారి విరిగితే అది మళ్లీ నిలబడదు. లేసుల్లేని బూటు కొనుక్కోండి. లేసులవే కావాలంటే చెంచా కాడంత పలచటి కొమ్ము ఒకటి జేబులో ఉండాలి. జుమ్మా రోజు వానపడితే గుమ్మం దగ్గర బూట్ల మీద బూట్లు గుట్టపడతాయి, అడుగునున్నవాడి పని అయిపోయినట్టే. మస్జిదు కమిటీల వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, చెక్క అరలు ఇంకో రెండు వరుసలు పెట్టించండి.

తడిసిన బూటును ఎండలో, పొయ్యి దగ్గర పెట్టవద్దు. పొడిగుడ్డతో అద్ది, పాత పేపరు ఉండలు చేసి లోపల కుక్కి, గంటకోసారి మార్చి, బూటును పక్కకు పడుకోబెట్టాలి, అడుగుకు గాలి తగలాలి. ఫ్యాను కింద ఒకటి, రెండు రోజులు. ఒకే జతను రోజూ తొడగకూడదు, పాదం చెమట ఆరడానికి ఒక రోజైనా పడుతుంది. రెండు జతలు మార్చి మార్చి తొడిగితే విడివిడిగా అరగదీసిన దానికంటే చాలాకాలం వస్తాయి.

అడుగు సంగతి కొనేముందే చూసుకోవాలి. జిగురుతో అతికించిన సోలు ఊడితే మళ్లీ జిగురే. పైతోలు చుట్టూ పట్టీ వేసి, ఆ పట్టీకి సోలును కుట్టిన బూటు ఉంటుంది, గుడ్‌ఇయర్ వెల్ట్ అంటారు. దాని సోలు అరిగితే కుట్టు విప్పి కొత్తది వేయవచ్చు, పైభాగం చెక్కుచెదరదు. మడమ కింద రబ్బరు ముక్క సగం అరగ్గానే మార్పించండి. అది పూర్తిగా అరిగి లోపలి పొరల దాకా పోతే ఖర్చు పెరుగుతుంది.

మన పథకానికి వస్తాను. 8వ తరగతి లోపు పిల్లలకు తోలు బూట్లు వద్దని నా అభిప్రాయం. ఎదిగే కాలు, ఏడాదికి నంబరు మారుతుంది. వాళ్లకు ఉతుక్కునే గుడ్డ బూట్లు ఇద్దాం. మిగిలిన డబ్బు ఇంటర్, డిగ్రీ పిల్లల మీద పెడదాం, వాళ్ల పాదం పెరగడం ఆగిపోతుంది. లెక్క కోసం అనుకుందాం, ఏటా 600 చొప్పున 4 ఏళ్లకు 4 జతలు, 2,400. అదే 1,800 పెట్టి కుట్టుసోలు తోలు జత ఒకటి, బ్రష్‌లు రెండు, క్రీము, డబ్బా పాలిష్‌కు 300, మడమ మార్పులకు 300. మొత్తం అంతే అయింది. మొదటి లెక్కలో నాలుగో ఏట కూడా పిల్లవాడి కాళ్లకు పగిలిన బూట్లే, రెండో లెక్కలో ఇంటర్వ్యూకు పనికొచ్చే జత. కానీ రెండో లెక్క బ్రష్ పట్టడం వచ్చినవాడికే పనిచేస్తుంది. నేర్పకుండా ఇస్తే ఆ 1,800 కూడా బతుకమ్మ సెలవులకే పోతాయి.

తోలు వ్యాపారం చేసినవాళ్లు చదువుకు ఎంత ఇచ్చారో తమిళనాడు వైపు చూడండి. వాణియంబాడిలో ఇస్లామియా కాలేజీ 1919 నుంచి ఉంది, ఆ ఊరు తోళ్ల శుద్ధికి పేరుపడ్డ ఊరు. మేల్‌విషారం కాలేజీకి పేరు పెట్టిన సి. అబ్దుల్ హకీమ్ సాహెబ్ తోళ్ల వర్తకుడే. మన జిల్లాల్లో అంత తోళ్ల వ్యాపారం లేదు, అంత డబ్బూ లేదు. అల్మారా పైఅరలో బూట్లు మాత్రం ఉన్నాయి.

అందుకని మూడు పనులు అడుగుతున్నాను. వాడని తోలు బూట్లు ప్లాస్టిక్‌లో కాకుండా గుడ్డసంచిలో, లోపల నంబరు రాసిన చీటీతో మన కార్యాలయానికి పంపండి. మే నెల సెలవుల్లో డిగ్రీ పిల్లలకు ఒక పూట శిక్షణ పెడదాం, మీ పిల్లల్ని కూడా పంపండి, ఇచ్చేవాళ్ల పిల్లలూ పుచ్చుకునేవాళ్ల పిల్లలూ ఒకే చాప మీద కూర్చుని ఎవరి బూట్లు వాళ్లు పాలిష్ చేసుకోవాలి. మూడోది, ఆ శిక్షణ నేను కాదు, నేను చెప్పిన ఆ బస్టాండు పెద్దాయన ఇవ్వాలి. ఆయనకు రోజు కూలీ కాదు, నాలాంటివాడు శిక్షణ తరగతికి పోతే ఇచ్చే గౌరవ వేతనమే ఇవ్వాలి. కుర్చీ కూడా వేయాలి.

ఆయన ఇవాళ వచ్చారు. హాలు గుమ్మం పక్కన బల్ల వేయించాం, దాని మీద బ్రష్‌లు, గుడ్డలు, క్రీములు, ఆ స్టీలు చెంచా ఉన్నాయి. టీ తాగాక మీరు అక్కడ విడిచిన బూట్లలో లేసులవి ఎవరివైనా ఒక జత తీసుకుని మొదలుపెడతారు. అధ్యక్షుల వారివి గోధుమరంగువి, చూశాను, మడమ తొక్కేసి ఉన్నాయి. వాటితోనే మొదలుపెట్టమని చెప్పాను.